చంద్రమోహన్ దొరికిన సాయంత్రం

ఉదయగిరిలో ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందుగా వచ్చి గుమ్మంలో నిలబడేది మోటార్ల చంద్రమోహన్. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉంది ఆయనకు, బస్టాండు వెనక. అది ఎప్పుడు తెరిచి ఉంటుందో భార్య మహాలక్ష్మికే తెలియదు. పాడె మోయడానికి భుజం తక్కువైనా, పెళ్లిలో సాంబారు బకెట్టు పట్టేవాడు లేకపోయినా, ఆత్మకూరు ఆస్పత్రికి రోగితో తోడు కావాలన్నా, విప్పిన మోటారును అట్లాగే వదిలేసి లేచిపోతాడు. "ఊరోళ్ల మీదుండే శ్రద్ధ కొట్టు మీదుంటే ఈపాటికి మిద్దె మీద మిద్దె వేసుండేవోడివి" అని ఆమె దెప్పుతుంది. ఆయన నవ్వుతూ చెప్పులేసుకుంటాడు.

ఎదురింటి మాల్యాద్రి తప్పిపోయిన రోజు మాత్రం నవ్వలేదు.

మాల్యాద్రి ఒకప్పుడు సీతారామపురం దారిలో బస్సు నడిపినాయన. ఇప్పుడు మతిమరుపు. సాయంత్రం పూట చేయి పట్టుకొని టీకి తీసుకుపోయేది చంద్రమోహనే. డిసెంబరు ముసురు, చలిగాలి. మధ్యాహ్నం మాల్యాద్రి భార్య చెంచులక్ష్మి గుడ్డలు ఆరేసి లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఆ మనిషికి కిందటి నెలలోనే నెమ్ము చేసి తగ్గింది. ఇంకోసారి చలి తగిలితే కష్టమని డాక్టరు చెప్పే ఉన్నాడు.

"చంద్రా, పొద్దుగూకేలోపల తెచ్చి నాకియ్యి. రేత్రి చలికి ఆయన తట్టుకోలేడు" అని ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

కుర్రాళ్లు కొండకోట వైపు పోయారు. మాల్యాద్రి అటు నడుస్తుండగా చూశామని ఎవరో అన్నారు. ఇంకెవరో బస్సెక్కాడన్నారు. ఆ రెండో మాట పట్టుకొని చంద్రమోహన్ మంకీ క్యాపు తగిలించుకొని ఒక్కడే బండి మీద సీతారామపురం దారి పట్టాడు. తొందరలో కళ్లజోడు కొట్టులోనే మరిచిపోయాడు.

సెల్‌ఫోన్ల కొట్టు వినోద్, కొండ ఎక్కుతూనే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. "మాల్యాద్రి, మతిమరుపు ఉంది. కనిపిస్తే ఎక్కడికీ పోనివ్వకండి. కోప్పడినా పట్టించుకోకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." కింద ఫోటో. మొన్న టీ కొట్టు బల్ల మీద తీసినది. అందులో మాల్యాద్రి, చంద్రమోహన్, ఇద్దరికీ మంకీ క్యాపులు, ముక్కూ కళ్లూ తప్ప ఏమీ కనపడవు. వినోద్ ఆయాసంలో ఒకరిని కత్తిరించి పారేసి, ఒకరిని ఉంచాడు. ఉంచింది చంద్రమోహన్‌ని. ఉదయగిరి వాళ్లకు మాల్యాద్రి ముఖం ఫోటోలో చూడాల్సిన పని లేదు గనక ఎవరూ గమనించలేదు. ఆ ఫోటో మాత్రం దారిలో ఉన్న ఊళ్లన్నీ తిరిగింది.

సీతారామపురం ఇంకా కొంత దూరం ఉందనగా, ఒక ఊరి మలుపులో వరదమ్మ టీ కొట్టు. చంద్రమోహన్ బండి ఆపి, ఫోనులో గ్రూపు తెరిచి, కళ్లజోడు లేని కళ్లకు మసకమసకగా కనబడుతున్న ఆ ఫోటోను ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, ఈయన అగపడినాడా ఈపక్క?"

వరదమ్మ ఫోను చూసింది. ఆయన్ని చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"అగపడినాడు నాయనా. కూర్చో."

"దేవుడిలాంటిదానివి తల్లీ! యాడ?"

"ఈడనే ఉండాడు. యాడికీ పోడు. ముందు టీ తాగు, చలికి వణకతా ఉండావు."

లోపల పడుకోబెట్టినట్టున్నారని ఆయన ప్రాణం కుదుటపడింది. టీ అందుకున్నాడు. వరదమ్మ ఫోనుకు ఛార్జింగు పెడతానని పట్టుకుపోయింది. బండి తాళం ఎప్పుడు తీసిందో ఆయన చూడనేలేదు. బన్ను కూడా ఇచ్చింది. చుట్టూ నలుగురు చేరి, చిన్నపిల్లాడు అన్నం తింటుంటే చూసినట్టు మురిపెంగా చూస్తున్నారు. కొండల మీద వెలుతురు తగ్గుతోంది.

లోపల వరదమ్మ గొంతు వినబడింది. "ఆ, దొరికినాడయ్యా. మంకీ క్యాపు, నీలం చొక్కా. బన్ను తింటా ఉండాడు."

చంద్రమోహన్ తన చొక్కా చూసుకున్నాడు. చేతిలో బన్ను చూసుకున్నాడు.

"అమ్మా! అది నేను కాదు! అంటే, నేనే గానీ తప్పిపోయింది నేను కాదు!"

"అవును నాయనా, నువ్వు కాదులే" అంది వరదమ్మ జాలిగా.

"నేను వెతకను వచ్చినోణ్ణి!"

"పాపం, ఇంకెవరో తప్పిపోయినారనుకుంటా ఉండాడు" అని ఒకాయన పక్కవాడితో అన్నాడు. లేవబోతే ఇద్దరు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. కోప్పడ్డాడు. కోప్పడతాడని ప్రకటనలో ఉండనే ఉంది.

"సరే, ఈపొద్దు ఏం వారమో చెప్పు, వదిలేస్తాం."

"బుధవారం!"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు గురువారం.

ఛార్జింగులో ఉన్న ఫోను టింగు టింగుమంటూనే ఉంది. దొరికాడని వినోద్ గ్రూపులో పెట్టేశాడు. అవతల కొండ మీది జనం దిగిపోతున్నారు. గ్రూపు నిండా దండాలు. చంద్రమోహన్‌కు ఆ టింగులన్నీ వినబడుతున్నాయి. ఒక్కో మోతకు వెతికేవాడు ఒకడు ఇంటికి పోతున్నట్టే.

"మీ కాళ్లు పట్టుకుంటా, ఆ నంబరుకు చేసి నా చేతికియ్యండి. ఒక్క మాట!"

ఆయన కళ్లలో నీళ్లు చూసి వరదమ్మ మెత్తబడి, నంబరు నొక్కి స్పీకరు పెట్టి ఇచ్చింది.

"రేయ్ వినోద్, యాడుండావురా?"

"మామా! నువ్వు ముందే పోయినావా ఆడికి? కారేసుకొని వస్తా ఉండాం. పెద్దాయన ఎట్టుండాడు?"

"పెద్దాయన లేడురా! వీళ్లు పట్టింది నన్ను! ఎవురి ఫోటో పెట్టినావో చూడరా సన్నాసీ!"

వినోద్ ఫోను దించి గ్రూపులో ఫోటో తెరిచాడు.

"మామా..." వినోద్ గొంతు పీలగా వచ్చింది. "చెంచులక్ష్మమ్మకు దొరికినాడని చెప్పేసినా. నీళ్లు కాగబెడతా ఉండాది."

భుజాల మీది చేతులు వాటంతటవే జారిపోయాయి. చంద్రమోహన్‌కు అవమానపడే తీరిక కూడా లేదు. పొద్దు గూకింది. మాల్యాద్రి ఎట్లా ఉంటాడో గబగబా చెప్పాడు. బక్కమనిషి, తెల్లగడ్డం, గోధుమరంగు స్వెట్టరు, ఎడమకాలు ఈడుస్తాడు.

టీవీయస్ మీద గడ్డిమోపుతో ఆగి తమాషా చూస్తున్న మాలకొండయ్య మొహం పాలిపోయింది. "చెరువుకట్ట కాడ పాత బస్సు స్టేజీలో నిలబడుకొని ఉండినాడే! ఈ దారిన బస్సు రాదు పెద్దాయనా అంటే ఇనలా. ఫోటోలో ఉండేది ఆయన కాదుగదా అని వచ్చేస్తిని."

గడ్డిమోపు రోడ్డు మీద పడింది. వరదమ్మ పొయ్యి వదిలేసి దుప్పటి తెచ్చింది. ఊరంతా టార్చిలైట్లతో కదిలింది. చంద్రమోహన్‌ను పట్టుకు కూర్చోబెట్టిన ఇద్దరూ అందరికంటే ముందు పరుగెత్తారు.

పాత స్టేజీలో ఎవరూ లేరు. ఒక చెప్పు ఉంది. దాని తోడుది కట్ట కింద, నీళ్ల వైపు. అది చూసి అందరూ టార్చిలైట్లు నీళ్ల మీదికి తిప్పారు. చెరువు నిండుగా ఉంది. చంద్రమోహన్ తుమ్మకంపల్లోకి దిగి, చొక్కా చిరిగినా ఆగకుండా "అన్నా! అన్నా!" అని అరుస్తూ పోయాడు. తూము గోడ పక్కన గాలి తగలని మూలలో ఒక ముద్ద కనబడింది. మోకాళ్ల దాకా తడిసి, ముడుచుకొని ఉన్నాడు మాల్యాద్రి. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఉంది.

దుప్పట్లో చుట్టి, నలుగురు మోసి, వరదమ్మ పొయ్యి దగ్గరికి చేర్చారు. అరచేతులు, అరికాళ్లు రుద్దారు. అంబులెన్సు వస్తోంది. చంద్రమోహన్ చెంచులక్ష్మికి ఫోన్ చేశాడు.

"వదినా, దొరికినాడు."

"ఇందాకా దొరికినాడనే అన్నారు" అంది ఆమె. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మళ్లా కాదన్నారు. ఇంక ఎవురు చెప్పినా నేను నమ్మను. ఆయన్ని మాట్లాడించు."

చంద్రమోహన్ ఫోను మాల్యాద్రి చెవి దగ్గర పెట్టాడు. అటు నుంచి ఆమె పిలుస్తూనే ఉంది. "ఏమయ్యా! ఇనపడతా ఉండాదా? నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడవయ్యా!" మాల్యాద్రి మంటను చూస్తున్నాడు. వరదమ్మ ఆయన వీపు నిమురుతూనే ఉంది.

ఎప్పటికో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవురే అది, చెవికాడ అట్ల అరస్తా ఉండావు?"

అటువైపు ఏడుపో నవ్వో తెలియని ఒక చప్పుడు.

"ఆయనే" అంది చెంచులక్ష్మి. "ఆయనే చంద్రా. తీసుకురా."