ముత్తవ్వ రాయించిన పేరు

మా ముత్తవ్వను ఊరంతా బెల్లంపల్లామె అనేది. ఆమె మా బాపుకు, అంటే నాన్నకు, నాయనమ్మ. బెల్లంపల్లి పక్క పల్లె నుంచి జమ్మికుంట దగ్గరి మా ఊరికి కోడలిగా వచ్చింది. కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలవడం మా దగ్గర మామూలే. అత్త అలాగే పిలిచింది, వాడకట్టూ అలాగే పిలిచింది. మొగుడు పెళ్లాం పేరు పలికే రోజులు కావవి. అరవై ఏళ్లకు పైగా పేరుతో పని లేకుండానే కాపురం చేసింది. అదొక లోటని ఎవరికీ తోచలేదు.

నాకు ఆమె అంటే ప్రాణం. గొప్ప కారణాలేమీ లేవు. చిన్నప్పుడు పత్తి ఏరడానికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయేది, ఏరిన పత్తి కుప్ప మీదే పడుకోబెట్టేది. తిట్లు మాత్రం ఎవరికీ తక్కువ చేసేది కాదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒకరోజు ఆమె పింఛను కాగితం నింపుతూ, ఆధార్ కార్డులోని పేరు పైకి చదివాను. ఆమె పలకలేదు. మళ్లీ చదివాను.

"గది మా అవ్వ పేరు" అంది, పల్లీలు ఒలుస్తూ, తాపీగా.

సంగతి ఇది. పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, మా ఇళ్లలో పోయిన పెద్దలకు బియ్యం ఇస్తారు. ఆ బియ్యం పుచ్చుకునే అయ్యగారు పోయినవాళ్ల పేర్లు అడిగి ఒక్కొక్కటే చదువుతాడు. పేరు చదివితేనే వాళ్లకు అందినట్టు. ముత్తవ్వకు తోడబుట్టినవాళ్లు లేరు. తల్లి పోయాక ఆమె పేరున బియ్యం ఇచ్చే మనిషి పుట్టింట్లో మిగల్లేదు. ఇక్కడే ఇస్తానని అడిగితే, ఈ ఇంటి బియ్యం ఆ ఇంటివాళ్లకు ఎట్లా పోతాయని అత్త కసిరిందట. కొన్నేళ్లకు రేషన్ కార్డు రాసేవాళ్లు వచ్చారు. మగవాళ్లంతా చేనులో ఉన్నారు. నీ పేరేమిటని అడిగితే ఈమె తల్లి పేరు చెప్పింది. ఆ తర్వాతి కార్డులన్నీ దాన్ని చూసి రాసినవే.

"నేను పోయినంక కార్డు చూసి గా పేరే చెప్తరు. మా అవ్వకు అందుతది."

"మరి నీకో?"

"నాకెందుకు బిడ్డా. బతికినన్ని దినాలు గీ ఇంట్లనే తింటి గదా."

అసలు పేరేమిటని అడిగాను. కాసేపు ఆలోచించుకుని మరీ చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

తర్వాత కొన్నాళ్లకు నాకు పెళ్లయింది, ఆమె పోయింది. సంవత్సరీకం అయ్యాక వచ్చిన పెత్రమాసకు బాపు ఆమె కార్డు తెచ్చి పేరు చదివాడు. బతుకమ్మకని పుట్టింటికి వచ్చిన నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నానని కొంచెం గర్వం కూడా. రెండో ఏడూ అంతే. మూడో ఏడు మాత్రం ఆ పూట అన్నానికి కూర్చుని, తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాను. మా అందరికీ వండిపెట్టిన మనిషిని ఏటేటా నేనే పస్తు పెడుతున్నాననిపించింది. ఇలాంటి వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా ఏడుపు వచ్చింది.

నిరుడు పేర్లన్నీ అయిపోయి అయ్యగారు లేవబోతుంటే, ఇంకొకటి ఉందన్నాను. ఒట్టు పక్కన పెట్టి, అసలు పేరు ఇంకా బయటపెట్టకుండానే, జరిగిందంతా చెప్పాను. బాపు ముఖం మాడ్చుకున్నాడు. అయ్యగారు కాసేపు నసిగాడు. ఆ తల్లి వేరే ఇంటి మనిషి కాబట్టి ఇన్నేళ్లూ పొరపాటు జరిగిందని, ఇకమీదట ఆ పేరు తీసేసి అసలు పేరు చదువుదామని అన్నాడు. ముత్తవ్వకు తిండి పెట్టబోయి, అన్నేళ్లు ఆమె దాచి కాపాడుకున్న తల్లిని నేనే బయటికి నెట్టాను.

బాపు లోపలికి వెళ్లాడు. ఇంకో చాటలో బియ్యం పోసుకుని వచ్చి మొదటి చాట పక్కన పెట్టాడు.

"గా పేరు తియ్యకుండ్రి అయ్యగారూ. ఇద్దరికీ ఇస్త."

అయ్యగారు సరేనని, రెండో పేరు చెప్పమన్నాడు. బాపు నోరు తెరిచి ఆగిపోయాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మా నాయినమ్మ పేరేంది బిడ్డా?"