నాయన నేయని చీర

ప్రభువు పేరట సంఘ పెద్దలకు, అమ్మలకు, అన్నలకు, చెల్లెళ్ళకు నా వందనాలు. సహోదరులారా, మీరంతా దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి ఇక్కడికి వస్తారు, నేనేమో ఇదే మందిరంలో మీకు చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. పోయిన కోత పండుగ రోజు నేను నిలబడి, "మా నాయన మగ్గాన్ని దేవుడు ఆశీర్వదించాడు, ఆయన చేతి చీరలు ఊరూరా పోతున్నాయి" అని సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు, పెద్దమ్మలు కొందరు నా తల నిమిరారు. ఆ చీరల్లో నాయన చేతివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ పవర్‌లూమ్ చీరలే. ప్రభువా, నన్ను క్షమించు!

నా సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు ప్రసన్న, పుట్టిల్లు ధర్మవరం, పెళ్ళయి హిందూపురం వచ్చాకే ప్రభువును తెలుసుకున్నాను. నాయన నలభై ఏళ్ళ నుంచి మగ్గం నేస్తున్నాడు. ఆయన నేసే పట్టుచీరను ఫోన్లో చూపించి నేనే నేరుగా అమ్మితే ఎంత బాగుంటుందని ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి మంచిదే, తప్పు అక్కడ లేదు. నాయన మగ్గం గుంతలో కూర్చుని, దారపు కండె ఉండే నాడెను పడుగులో అటూ ఇటూ విసురుతుంటే వీడియో తీసి పెట్టాను, వారం తిరక్కుండా ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒక్క చీర దిగడానికి నాయనకు పది పన్నెండు రోజులు పడుతుంది. అడిగిన వాళ్ళకు "ఆగండమ్మా" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆగమంటే వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను, చూడండి, నా నాశనమంతా ఆ ఒక్క భయంలోంచి వచ్చింది.

ఊరి బయట ఒక షెడ్డులో నేసే పవర్‌లూమ్ చీరలు తెచ్చాను. వేరే మగ్గాల చీరలు కూడా అమ్ముతున్నానని నాయనకు చెప్పాను గాని, ఆయన ముఖం చూపించి, ఆయన పేరు చెప్పి అమ్ముతున్నానని చెప్పలేదు. అంతలో లైవులో ఎవరో "చేనేత చీర అని ఎట్లా గుర్తుపట్టాలి?" అని అడిగారు, నేను గొప్పగా పాఠం చెప్పాను. చేతి మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా రెండు అంచుల మధ్య అడ్డంగా ఒక కర్ర పెడతారు, దాని కొనలకు సూదులుంటాయి, అవి గుచ్చుకుని అంచుల్లో సన్నటి రంధ్రాలు మిగులుతాయి, అవి ఉంటేనే చేనేత అన్నాను. ఆ రోజు నుంచి అందరూ రంధ్రాలు చూపించమనేవాళ్ళు. ఇంకేం చేస్తాను! మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకి వెళ్ళాక చీర ఒళ్ళో వేసుకుని, ప్రభువు పాటలు పాడుకుంటూ, సూదితో అంచు పొడవునా పొడిచేదాన్ని. అవును, పాటలు పాడుకుంటూనే! చేయి నొప్పి పుట్టేది కాబట్టి ఫోన్లో చూపించే అంచుకే పొడిచి, రెండో అంచు వదిలేసేదాన్ని.

నా అబద్ధపు సాక్ష్యం విన్నవాళ్ళలో పెనుకొండ నుంచి పండుగకు వచ్చిన సుగుణ టీచరమ్మ కూడా ఉంది. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి, ప్రార్థనాపరురాలు. నా మాట నమ్మి కూతురి పెళ్ళికి తెల్లటి పట్టు మీద జరీ అంచు చీర నా దగ్గరే తీసుకుంది. పెళ్ళయిన రెండు నెలలకు ఫోను చేసి "మీ నాయన చేతులు పట్టుకుని ప్రార్థన చేయాల పాపా, ఎప్పుడు పోదాం?" అంది. నాయనకు జ్వరమన్నాను, ఊళ్ళో లేడన్నాను, మా ఇంట్లో చుట్టాలున్నారన్నాను. ఆమె వదల్లేదు. చివరికి ఒక రోజు రైల్లో పక్కన కూర్చుని ధర్మవరం తీసుకుపోవాల్సి వచ్చింది.

నాయన మగ్గంలోంచి లేచి వచ్చాడు. టీచరమ్మ అరటిపళ్ళు చేతికిచ్చి, సంచిలోంచి పెళ్ళిచీర తీసి "అన్నా, ఇంత మంచి చీర నేసినారు, మా పాప దేవుని ముందర దీన్ని కట్టుకొని నిలబడింది" అంది. నాయన చీర అందుకున్నాడు. బొటనవేలితో ఒక అంచు తడిమాడు, తిప్పి రెండో అంచు తడిమాడు, నా వైపు చూశాడు. సహోదరులారా, ఆ చూపును నేను చెప్పలేను. చీర మడతపెట్టి ఇస్తూ "అవునమ్మా, నేనే నేసినా" అన్నాడు. నాకు తెలిసి అప్పటిదాకా మా నాయన జీవితంలో అబద్ధమాడలేదు, జరీ గురించి గాని, రంగు గురించి గాని ఎవరికీ ఒక్క తప్పు మాట చెప్పలేదు. టీచరమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఈ చేతుల్ని దీవించు, ఈ చేతులు నేసిన దాన్ని నీవు చూసినావు" అని ప్రార్థన చేసింది. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఆమేన్ అన్నాను.

ఆమె వెళ్ళాక నాయన అడిగాడు. "రెండో అంచుకు గుర్తుల్లేవే పాపా, యాడన్నా ఒగ పక్కే బిగించి నేస్తారా? ఆ పొడిచిన పక్కన్నా సరిగ్గా పొడిచినావా, మిషను కుట్టినట్ల వరసగా ఉండాయి." నేను ఏడుస్తూ కాళ్ళ మీద పడ్డాను. ఆయన అరవలేదు, తిట్టినా బాగుండేది. "నేను నెయ్యని చీరకి ఆయమ్మ నా చేతుల్ని దీవించి పాయె. ఇంగ ఏ మొగం పెట్టుకొని గుంతలోకి దిగాల?" అన్నాడు. అంతే, మా నాయన మగ్గం మానేశాడు. సగం నేసిన చీర పడుగు మీదే ఉండిపోయింది, దాని మీద మా అవ్వ పాత దుప్పటి కప్పింది. నలభై ఏళ్ళు ఆగని మగ్గాన్ని నేను ఆపాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, టీచరమ్మకు ఎప్పటికీ తెలియనీయకు, నాయనను మళ్ళీ మగ్గంలో కూర్చోబెట్టు." రెండూ కలిపి అడిగాను, ఎంత తెలివో చూడండి! ఉపవాసం కూడా ఉన్నాను. వారాలు గడిచాయి, ఏమీ జరగలేదు, నాయన తిండి తగ్గింది, వాకిట్లో కూర్చుని తన అరచేతులు చూసుకునేవాడు. ఆయనను చూసి హిందూపురం తిరిగి వస్తున్న ఒక రోజు, రైలు పెట్టెలో జనం మధ్య ఆ పాత ప్రార్థన నోటికి రాలేదు. "ప్రభువా, నేను దొంగను, నా నోరు తెరిపించు" అన్న మాట ఒక్కటే వచ్చింది. దర్శనం కలగలేదు, స్వరం వినిపించలేదు. రైలు పెనుకొండలో ఆగింది, నేను దిగిపోయాను. హల్లెలూయా, ఆ దిగడమే నా విడుదల!

టీచరమ్మ వంటింట్లో ఉంది, నేను గడప దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. ఓదారుస్తుందనుకున్నాను, ఆమె ముఖం ఎర్రబడింది. "చీర యాడిదైతే ఏంలే గాని, నాతో దేవుని ముందర అబద్ధం ప్రార్థన చేయిస్తివి కదే!" అంది. పొయ్యి ఆపేసింది. తర్వాత కుర్చీ జరిపి "కూచో, ఇప్పుడు నిజం ప్రార్థన చేద్దాం" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆ వారమంతా చీర కొన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేశాను. చీర తిప్పి పంపితే డబ్బిచ్చేస్తానన్నాను, కొందరు తిట్టారు, కొందరు ఫోను పెట్టేశారు, ఒకావిడ "మీ క్రైస్తవులంతా ఇంతేనా?" అని అడిగింది. నన్ను ఎంత తిట్టినా పడేదాన్నే, నా వల్ల ప్రభువు నామానికి ఆ మాట వచ్చింది.

వెళ్ళి నాయనకు చెప్పాను, అందరి దగ్గరా ఒప్పుకున్నాను, ఇక మగ్గంలోకి దిగు నాయనా అని బతిమాలాను. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగాడు. "మీ చర్చిలో అందరి ముందర చెప్పినావంట కదా, నేను నేసినానని. ఆడ చెప్పినావా?" లేదన్నాను. "ముందు ఆడ చెప్పు. నేనూ వచ్చి ఇంటా. నా చెవుల్తో ఇన్నాక దిగుతా."

వ్యాపారం మొదలుపెడుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, నన్ను చూసి నేర్చుకోండి. ఆగమని చెబితే పోయే గిరాకీ పోనివ్వండి. దేవుని పేరును మీ సరుకుకు అట్టపెట్టెలాగా వాడుకోకండి. ఇవాళ నా దగ్గర అమ్మడానికి ఒక్క చీర లేదు, అయినా నా నాలుకను అబద్ధం నుంచి విడిపించిన దేవునికి స్తోత్రం! మీలో ఎవరైనా నాలాగా ఏదైనా దాచుకుని పాటలు పాడుతుంటే, ఆయన దగ్గరికి రండి, సిగ్గుతోనే రండి, సిగ్గుపడి వచ్చిన నన్ను ఆయన వెళ్ళగొట్టలేదు. మహిమంతా ఆయనకే.

మా నాయన ఇంకా ప్రభువును తెలుసుకోలేదు. తెలియకుండానే నా కంటే నిజాయితీగా బతికాడు, ఆయన కోసం ప్రార్థించండి. అదిగో, వెనక తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు.

నాయనా, ఆ చీరలు నువ్వు నేసినవి కావు. నేనే అబద్ధం చెప్పినా. ఇన్నావు కదా?