పొగలో పోయిన డీజిలు

మొన్న మా మేనకోడలు కొత్త కారు కొనుక్కుని, అత్తని ఎక్కించుకోకుండా ఎలా ఉంటానంటూ వచ్చి నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళింది. గాజువాక దగ్గర సిగ్నల్ పడి బండి ఆగింది. ఆగడమే కాదు, ఇంజను చప్పుడు కూడా ఠక్కున ఆగిపోయింది. బండి చెడిపోయిందేటే అని అడిగితే ఆ పిల్ల పకపకా నవ్వి, "లేదత్తా, ఆగినప్పుడు అదే ఆపేసుకుంటాది, పెట్రోలు మిగుల్తాదని. ఇప్పుడొచ్చే బళ్ళన్నీ ఇంతే" అంది. పచ్చలైటు పడగానే బండి దానంతటదే మేలుకుని కదిలింది. మా మేనకోడలు వాళ్ళ ఆఫీసు కబుర్లేవో చెబుతూనే ఉంది గానీ నాకవేవీ చెవికెక్కలేదు. మనసు ఇరవై ఏళ్ళు వెనక్కి, అనకాపల్లి టాక్సీ స్టాండుకి వెళ్ళిపోయింది.

మా నాన్న టాక్సీ డ్రైవరు. సొంత బండే. గుండ్రటి బానెట్టు, సోఫా లాంటి వెనక సీటు, తలుపు వేస్తే బీరువా మూసినట్టు చప్పుడయ్యే ఆ తెల్ల డీజిలు కారు పేరు మన తరం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అద్దానికి చిన్న చెక్క సిలువ వేలాడుతూ ఉండేది. ముందు బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ ఉండేవి. అవి ఉప్మాక వెంకన్న దర్శనానికి వెళ్ళిన ఎవరో పెద్దావిడ బండికి దిష్టి తగులుతుందని కట్టినవి. ప్రతివారం చర్చికి వెళ్ళే మనిషై ఉండీ నాన్న వాటిని విప్పలేదు. ఆవిడ ప్రేమగా కట్టింది, మనమెందుకు తియ్యడం అనేవాడు. అవి ఎండి రాలిపోయేదాకా అలాగే ఉన్నాయి.

నాన్నకి డీజిలంటే ప్రాణం. చిల్లర కోసం కక్కుర్తిపడే మనిషి కాదు, పేదవాళ్ళని ఊరికే దింపి వచ్చిన రోజులు నాకు తెలుసు. డీజిలు చుక్క వృథా అయితే మాత్రం అన్నం పారబోసినట్టు బాధపడేవాడు. సామాను లేకపోతే బండి పైన క్యారియరు కూడా ఉంచనిచ్చేవాడు కాదు, గాలికి అడ్డమని ఊడదీసి మా పెరటి గోడకి ఆనించేవాడు. పొద్దున్నే టైర్లు నాలుగూ గుద్ది చూసేవాడు. నర్సీపట్నం రోడ్డులో ఎక్కడ ఏ పల్లం ఉందో, ఏ పల్లంలో కాలు తీసేస్తే బండి ఎంతదూరం దొర్లుకుపోతుందో, మనకి ఇంట్లో గడపలు తెలిసినట్టు తెలుసు ఆయనకి. నెలకోసారి ట్యాంకు మెడదాకా నింపించి, మాకవరపాలెం దాకా వెళ్ళొచ్చి మళ్ళీ నింపించి, లీటరుకి ఎంత వచ్చిందో చూసుకునేవాడు. ఆ రోజు భోజనం దగ్గర ఆయన మొహం చూస్తే చాలు, ఎంత వచ్చిందో అమ్మా నేనూ చెప్పేసేవాళ్ళం.

నాకు పెళ్ళయినా పుట్టిల్లు పక్క వీధే. మా ఆయన బెల్లం మార్కెట్టులో గుమాస్తా. పిల్లలిద్దరూ బడికెళ్ళడం మొదలుపెట్టాక ఊరికే కూర్చోలేక నేను కంప్యూటరు నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో బళ్ళ పొగ మీద రూల్సు గట్టిపడ్డాయి. హైవే మీద ఆపి పొగ పరీక్ష కాయితం చూపించమనడం మొదలుపెట్టారు. ఒకాయన మా ఊరి పెట్రోలు బంకు పక్కనే రేకుల గది వేసి పొగ పరీక్ష సెంటరు తెరిచాడు. దానిలో కంప్యూటరు ముందు కూర్చోడానికి నన్ను పెట్టుకున్నాడు. బండి వెనక గొట్టంలో ఓ కడ్డీ దూర్చి, డ్రైవరుని యాక్సిలరేటరు నాలుగైదుసార్లు అడుగంటా తొక్కమంటే, పొగ ఎంత నల్లగా ఉందో మిషను అంకె చెబుతుంది. అంకె హద్దులో ఉంటే పాసు, దాటితే ఫెయిలు. అంతే నా ఉద్యోగం. ఆడమనిషి బళ్ళని పాసు చెయ్యడమేటని మొదట్లో నవ్వారు, తరవాత అలవాటుపడ్డారు.

తనిఖీలు ఎక్కువైన ఆ వేసవిలో టాక్సీ స్టాండు మొత్తం మా రేకుల గది ముందుకొచ్చింది. గొట్టం పెట్టకుండా కాయితం ఇచ్చెయ్యమని బతిమాలేవాళ్ళు, నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నామని గుర్తుచేసేవాళ్ళు. నేను కుదరదనేదాన్ని. ధైర్యం ఎక్కువై కాదు, ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలన్న భయంతో.

ఓ మధ్యాహ్నం మాకవరపాలెం డ్రైవరొకడి బండి ఫెయిలయింది. పెళ్ళివాళ్ళ ట్రిప్పు వదులుకోవలసి వచ్చి, ఆ మనిషి బల్ల మీద తలపట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే నాన్న బండి వచ్చింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి కడుక్కుని, పరీక్షకి వచ్చే విద్యార్థిలా వచ్చాడు. నా కూతురు ఇక్కడుంది అన్న గర్వం ఆయన నడకలో కనిపిస్తోంది. కడ్డీ పెట్టి తొక్కమన్నాను. ఆయన ఎప్పట్లాగే పసిపిల్లని జోకొట్టినట్టు మెల్లగా తొక్కాడు. మిషను ఒప్పుకోలేదు.

"పూర్తిగా తొక్కాలి నాన్నా" అన్నాను.

"అలా తొక్కితే దానికి నొప్పెడతాదమ్మా. జీవితంలో నేనెప్పుడూ అలా తొక్కలేదు."

"రూలు నాన్నా."

తొక్కాడు. బండి ఒక్కసారి గోలెత్తింది. వెనక నుంచి నల్లటి పొగ బొగ్గుల బస్తా విప్పినట్టు వచ్చి రేకుల కిందంతా కమ్ముకుంది. రెండోసారి, మూడోసారి. తొక్కిన ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకోవడం అద్దంలో నాకు కనిపించింది. అంకె హద్దు దాటిపోయింది. కొంచెం కాదు, బాగా. సెంటరాయన నా కుర్చీ వెనక నిలబడి, "మీ నాన్నే కదమ్మా, ఇంకోలా చూడు" అన్నాడు మెల్లగా. తల తిప్పి చూస్తే బల్ల మీద మాకవరపాలెం మనిషి నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు. ఫెయిలు కాయితమే కొట్టాను.

నాన్న దాన్ని అందుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ వేళ నుంచి సెంటర్లో ఎవరూ నన్ను దొంగ కాయితం అడగలేదు. సొంత తండ్రికే ఇవ్వలేదు, మనకేటిత్తాది అని స్టాండులో అనుకున్నారట.

మూడు వారాలు ఆయన మా గడప తొక్కలేదు. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని, ప్రార్థనయ్యాక పక్క తలుపులోంచి వెళ్ళిపోయేవాడు. బండి ఇంటి ముందు గోనెపట్టా కింద ఉంది. అమ్మ మాత్రం వచ్చి, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదని చెప్పి, నన్ను తప్పుపట్టనూ లేక ఊరుకోనూ లేక, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళేది. నేను చేసింది న్యాయమేనని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా, న్యాయం చేసిన మనిషికి నిద్రెందుకు పట్టదో నాకు అర్థమయ్యేది కాదు.

ఓ మంగళవారం పొద్దున్న, ఇంకా సెంటరు తాళం తీస్తూ ఉండగానే నాన్న నడుచుకుంటూ వచ్చాడు. నా వెనకే లోపలికొచ్చి, జేబులోంచి ఆ కాయితం తీసి నా ముందు బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. ఎన్నిసార్లు విప్పి చూసుకున్నాడో.

"ఈ అంకె ఏటి సెప్తాదో నాకు సెప్పమ్మా. కోపం లేదు. తెలుసుకుందామని వచ్చేను."

నాకు తెలిసినంతలో చెప్పాను. డీజిలు పూర్తిగా కాలితే పొగ నల్లగా రాదు, సగం కాలి సగం కాలకపోతే ఆ మిగిలిందే మసై గొట్టంలోంచి బయటికి పోతుంది అన్నాను.

ఆయన కాయితంలోని అంకె మీద వేలు పెట్టాడు.

"అంటే పొగంటే డీజిలేనా?"

"డీజిలే నాన్నా. కాలని డీజిలు."

"అయితే ఇన్నేళ్ళూ ముందు సుక్క సుక్క ఆపుకుంటా, వెనకనించి పారబోసుకుంటా తిరిగేనా నేను?"

ఆ మాటన్నప్పుడు ఆయన మొహం నేనింక మర్చిపోలేను. నేను ఫెయిలు చేసినందుకు పడిన అవమానం దీని ముందు ఏపాటి! పొగ బండికి సహజమని, మనిషికి చెమట పట్టినట్టేనని అనుకున్నాడు పాపం. ఎవరూ చెప్పలేదు. నేనూ ఆ ఫెయిలు కాయితం ఇచ్చానే గానీ, అదేమిటో చెప్పాలని తోచలేదు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడే బండిని విశాఖపట్నంలో డీజిలు పంపులు బాగుచేసే చోటికి తీసుకెళ్ళాడు. పంపు విప్పించి సరిచేయించాడు, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు మార్పించాడు, గాలి ఫిల్టరు కొత్తది వేయించాడు. రెండు రోజులు అక్కడే స్టూలు మీద కూర్చుని వాళ్ళు చేసే ప్రతి పనీ చూశాడట. తిరిగొచ్చి మళ్ళీ పరీక్షకి నిలబడ్డాడు. ఈసారి నేను చెప్పకముందే అడుగంటా తొక్కాడు. పాసయింది. కాయితం చేతికిస్తే చదువుకుని, "లీటరుకి ఎక్కువొత్తందమ్మా" అని మాత్రం అని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. అక్కణ్ణించి స్టాండులో ఎవరి బండి నల్లగా పొగ వదిలినా నాన్న ఊరుకునేవాడు కాదు. "బావా, నీ డీజిలు ఎలిపోతంది సూడు" అని ఆ మనిషిని వెంటబెట్టుకుని మా సెంటరుకి తెచ్చేవాడు. మాకవరపాలెం డ్రైవరుని పంపు దుకాణానికి దగ్గరుండి తీసుకెళ్ళినవాడూ ఆయనే.

కానీ మనం ఓ మెట్టెక్కేసరికి రూలు ఇంకో మెట్టెక్కుతుంది కదా. కంపెనీలు కొత్త బళ్ళు దింపాయి. ఓ రోజు షోరూము అబ్బాయి ఒకటి తెచ్చి స్టాండులో అందరికీ చూపించాడు. కొత్త రూల్సుకి తగ్గట్టు చెయ్యాలంటే పాత ఇంజను పనికిరాదని, బరువు తగ్గించి, రేకు పలచన చేసి, డీజిలు ఎంత పోయాలో లెక్కచూసే కంప్యూటరు పెట్టామని వివరంగా చెప్పాడు. నాన్న తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. బిస్కెట్ల డబ్బాలా మోగింది. బానెట్టు ఎత్తమన్నాడు. లోపలంతా నల్లటి ప్లాస్టిక్కు మూత. చెయ్యి పెట్టడానికి చోటు లేదు. మూత మీద ఓసారి నిమిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ అబ్బాయి తాళాలిచ్చి నడిపి చూడమంటే, నాన్న నన్ను కూడా ఎక్కించుకుని ఉప్మాక దాకా తోలాడు. వచ్చేటప్పుడు, డీజిలు ముల్లు కదిలినట్టే లేదని రెండుసార్లు అన్నాడు. స్టాండుకొచ్చి దిగి, తాళాలు ఇచ్చేసి, "మంచి బండేనమ్మా. నేను నలభై ఏళ్ళు కాలితో, సెవితో సేసిన పనంతా అదే సేసీసుకుంటంది. మరింక దానికి నాతో పనేటి?" అన్నాడు. ఏడుపు లేదు, కోపం లేదు. ఓ పెద్దమనిషి తనకంటే బాగా చేసేవాణ్ణి చూసి ఒప్పుకున్నట్టు అన్నాడు. అలా అనడమే నేను భరించలేకపోయాను.

స్టాండులో కుర్ర డ్రైవర్లు ఒకరి తరవాత ఒకరు కొత్త బళ్ళకి మారారు. పాత బళ్ళ సామాన్లు దొరకడం తగ్గింది. కిరాయికొచ్చేవాళ్ళు ఏసీ ఉందా అని అడిగి పక్క బండెక్కేవారు. నాన్న ఇంకో రెండేళ్ళు నడిపి, ఓ రోజు పరీక్షకొచ్చి, పాసయ్యాక, "ఇదే ఆఖరుసారి, బాగా అచ్చుకొట్టమ్మా" అన్నాడు. బండిని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పక, కె. కోటపాడు దగ్గర చెరుకు రైతొకాయన ఇంజను కావాలంటే ఆయనకిచ్చాడు. ఆ రైతు దాన్ని సిమెంటు దిమ్మ మీద బిగించి చెరుకు గానుగకి తగిలించాడు.

గానుగ మొదలైందని కబురొస్తే నేనే నాన్నని బస్సులో తీసుకెళ్ళాను. దూరం నుంచే ఆయన ఆగి చెవి పెట్టి, "మనదే" అన్నాడు. చెరుకుగడలు లోపలికి పోతున్నాయి, రసం కారుతోంది, పక్కన పెనం మీద బెల్లం పాకం కమ్మగా ఉడుకుతోంది. నాన్న ఇంజను పక్కన చతికిలబడి పొగ వంక చూశాడు. లేత బూడిదరంగు, అంతే. రైతుతో, "ఫిల్టరు వారానికోసారి దులుపు మావా, నల్లపొగ రానీకు, అది నీ డీజిలే" అని చెప్పాడు. ఆయన ఓ చిన్న బెల్లం అచ్చు వెచ్చవెచ్చగా నాన్న చేతిలో పెట్టాడు. తిరుగు బస్సులో నాన్న దాన్ని తుంచి సగం నాకిచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తరవాత నాలుగేళ్ళకి ఆయన పోయాడు.

ఇప్పటి గాలి బాగుపడిందంటే నేను కాదనను. ఆ రోజుల్లో సాయంత్రానికి నా చీర కొంగు దులిపితే మసి రాలేది. ఆ పొగ మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? బళ్ళు తక్కువ తాగుతున్నాయి, ఎక్కువ దూరం పోతున్నాయి, అన్నీ మంచికే. అయినా ఏదో వెలితి. మా మేనకోడలి కారులో ముందు తెర మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్ళొచ్చని అంకె వస్తుంది. ఆ అంకె తప్పదట. నా చిన్నప్పుడు దూరప్రయాణంలో చీకటిపడుతుంటే, బంకులేవీ కనబడకపోతే, వెనక సీట్లోంచి భయంభయంగా డీజిలు సరిపోతుందా నాన్నా అని అడిగేదాన్ని. ఆయన ముల్లు వంక చూసేవాడు కాదు. ఇంజను చప్పుడు ఓ క్షణం విని, "ఎలిపోద్దిలే అమ్మా, నువ్వు తొంగో" అనేవాడు. నేను నిద్రపోయేదాన్ని. ఎప్పుడూ దారిలో ఆగిపోలేదు మేము. ఇప్పుడు ఎంత దూరం వెళ్తామో నాకు ముందే తెలిసిపోతోంది గానీ, కారులో కన్ను మూతపడటం మాత్రం లేదు.