వదిన పురుగులు కట్టిన బల్ల

గుడివాడ నుంచి ఫోను వచ్చేసరికి నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. మా వదిన, అంటే మావారి అక్కగారు, నిద్రలోనే పోయారని ఆవిడ కూతురు చెప్పింది. కంటి పరీక్షకని కూతురింటికి వెళ్ళారు. బయల్దేరుతూ నాతో అన్న ఆఖరి మాట, "నా బల్ల దులపకమ్మాయ్, ఈకలెగిరిపోతాయి" అని.

ఆ ఈకల సంగతి చెప్పాలి. వదిన అత్తవారిది నాగాయలంక వైపు. భర్తకు కాలవగట్టున గాలం వేసుకుని కూర్చోవడం ఇష్టం. వానపామును గుచ్చడమంటే వదినకు అసహ్యం. అందుకని గాలానికి కోడి ఈకలూ రంగుదారమూ చుట్టి, నీళ్ళల్లో అచ్చం పురుగులా కదిలే ఎర కట్టడం నేర్చుకున్నారు. దాన్ని ఆవిడ పురుగనే అనేవారు. ఆయన పోయాక బందరులో మా ఇంటి వెనక వాటాలోకి వచ్చినప్పుడు, బట్టల పెట్టెతోపాటు ఈకల డబ్బాలూ వచ్చాయి. సరదాకి చేపలు పట్టేవాళ్ళు దివిసీమ నుంచి ఫోన్లు చేసి మరీ కట్టించుకునేవారు. ఇంటికెవరైనా వస్తే, "కూర్చోండి, పురుగు సగంలో ఉంది" అనేవారు. కొత్తవాళ్ళు గబుక్కున కాళ్ళు పైకి పెట్టుకునేవారు.

మొదట్లో నేల మీద పీటేసుకుని, గాలాన్ని వేళ్ళతో పట్టుకుని, దాని మీదకు వంగి కట్టేవారు. ఒక ఏడాది మెడ పట్టేసింది. చెయ్యి తిమ్మిరెక్కి అన్నం కూడా సరిగ్గా కలుపుకోలేకపోయారు. డాక్టరుగారు ఈ పని మానెయ్యమన్నారు. రిక్షా ఎక్కుతూ వదిన, "మెడ వంచొద్దన్నాడు గానీ చేతులకేమన్నా అయిందన్నాడా?" అన్నారు. ఇంటికి రాగానే పాత కుట్టుమిషను బల్ల ఖాళీ చేయించారు.

ఆ బల్లను సరిచేయడానికి ఆవిడకు వారాలు పట్టింది. ఇరుకు బల్ల, కాళ్ళ కింద చెక్కముక్కలు కొట్టించి ఎత్తు పెంచారు. గాలాన్ని కదలకుండా పట్టుకునే చిన్న వైసును బరువైన ఇనపపలక మీద బిగించి, సరిగ్గా నడిమధ్యన పెట్టారు. కుర్చీలో నిటారుగా కూర్చుంటే గాలం గుండెల ఎత్తులో ఉండాలి. "పని కంటి దగ్గరికి రావాలి గానీ నేను దాని దగ్గరికి వంగనమ్మాయ్" అనేవారు. మోచేతులు ఒరుసుకోకుండా బల్ల అంచున మడతపెట్టిన తువ్వాలు. సన్నటి ఈకలు తేలిగ్గా కనపడేలా లేతపచ్చ గుడ్డ. పై ఫ్యానేస్తే సరంజామా అంతా ఎగిరిపోతుంది, వెయ్యకపోతే బందరు ఉక్కకు మనిషి ఉడికిపోతుంది. చిన్న ఫ్యాను బల్ల కింద, పాదాల వైపు పెట్టుకున్నారు. "కాళ్ళు చల్లగా ఉంటే తల అదే చల్లబడుద్ది" అని నన్ను ఒప్పించారు.

వదినది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఎడంచేత్తో ఇచ్చావని తిట్టినవాళ్ళందరి మీదా ఈ బల్ల దగ్గర కసి తీర్చుకున్నట్టుండేది. కత్తెర, దారం, ఈకల డబ్బా మూతలూ అన్నీ ఎడమవైపు. మెడ వంగే లైటు కుడివైపు.

సాయంత్రం టీ పట్టుకెళ్ళి పక్కన కూర్చోబోతే ఒప్పుకునేవారు కాదు. "పక్కన వద్దు, మోచెయ్యి తగుల్తది. ఎదురుగా కూర్చో." బల్లకు అవతల నాకో స్టూలు ఉండేది. బల్ల కాళ్ళెత్తించిన రోజునే దాన్ని కూడా ఎత్తు చేయించారు.

"నాకెందుకొదినా?" అన్నాను.

"ఏం, నీకు మెడ లేదా?"

అక్కడ కూర్చుని ఈకల రంగులు వేరుచేస్తూ ఆవిడ వేళ్ళు చూస్తూండేదాన్ని. అప్పుడప్పుడూ నాచేత కూడా నాలుగు చుట్లు చుట్టించేవారు.

దినకర్మలయ్యాక మావారు, "ఆ బల్ల తీసేస్తే అక్క గదిలో బియ్యం బస్తాలు పెట్టుకోవచ్చు" అన్నారు. అదే రోజు నాగాయలంక నుంచి, వదిన చేత పురుగులు కట్టించుకునే ఒకాయన ఫోను. వదిన పోయిన సంగతి ఆయనకు తెలియదు. చెబితే, "అయ్యో" అని నొచ్చుకున్నాడు. "పోన్లేమ్మా. తొలకరికి కొన్ని పురుగులు కడతానన్నారు. కొట్లో కొనుక్కుంటాలెండి" అన్నాడు.

"ఆగండి, నేను పంపిస్తాను" అన్నాను.

"నీకొచ్చా?" అన్నారు మావారు.

"వచ్చేదాకా బస్తాలు వంటింట్లోనే ఉంటాయి."

వదిన కుర్చీలో కూర్చున్నాను. ఏదీ నా చేతికి అందలేదు. కత్తెరను కుడికి మార్చాను, లైటును ఎడమకు జరిపాను, వైసున్న పలకను తిప్పాను. అలా మార్చేకొద్దీ ఇంకేదో అడ్డొచ్చేది. దారం జారేది, ఈక తిరగబడేది. వారం తిరిగేసరికి నా మెడ కూడా పట్టేసింది. గుమ్మంలో నిలబడి మావారు, "మనకీ పురుగులెందుకే" అన్నారు.

ఆవిడ బల్లను పాడుచేస్తున్నానన్న దిగులు పట్టుకుంది. కనీసం ఉన్నది ఉన్నట్టు పెడదామనుకున్నాను. ఎండకు వెలిసిన గుడ్డ మీద లైటు అడుగున్న చోటు మాత్రం గుండ్రంగా పచ్చగా ఉండిపోయింది. దాన్ని బట్టి లైటు, దాన్ని చూసి కత్తెర, పలక, మూతలు, అన్నీ మొదటి చోట్లలో పెట్టాను. ఆఖరున లైటు తిన్నగా ఉందో లేదో చూడ్డానికి అవతలికి వెళ్ళి, అలవాటుగా నా స్టూలు మీద కూర్చున్నాను.

కత్తెర నా కుడిచేతి కిందే ఉంది. వెలుతురు ఎడమ నుంచి పడుతోంది. గాలానికి దారం దూర్చే కన్ను కుడివైపు తిరిగి, ఎలా కావాలో అలా ఉంది. నడుము నిటారుగా ఉంది. ఇదంతా ఆవిడ తెలిసే అమర్చారో, ఇరుకు బల్ల కాబట్టి అలా కుదిరిందో ఎవరినడగను? దారం అందుకున్నాను.

మొదటి పురుగు లావుగా వచ్చింది. విప్పేశాను. తర్వాతవి కాస్త నయం. తొలకరికి ముందే నాగాయలంకకు పంపాను. "చేపలకు మనిషి మారిన తేడా తెలీలేదమ్మా" అని ఆయన ఫోను చేస్తే, ఆ మాట మావారికి గట్టిగానే వినిపించాను. బియ్యం బస్తాలు ఇంకా వంటింట్లోనే ఉన్నాయి.

రోజూ మధ్యాహ్నం పని తెమిలాక అక్కడ కూర్చుంటున్నాను. లైటు వేస్తే ఎదుట ఖాళీ కుర్చీ, బల్ల అంచున తువ్వాలు. దాన్ని నేను ఉతకలేదు. దాని మీద వదిన మోచేతులు ఆనిన రెండు గుంటలు, టీ గ్లాసు కోసం ఎదురుచూస్తున్నట్టు, అలాగే ఉన్నాయి.