బోణీ ఓటు

ఓట్లకు వారం ముందు చీటీలు పంచే అమ్మాయి మా అరుగు మీద కూర్చుని రెండు చీటీలు చేతిలో పెట్టింది, ఒకటి నాది, ఒకటి మా కోడలిది. మా అబ్బాయిది రాలేదు. వాడు కిడ్నీ జబ్బుతో పోయి ఏడాది దాటింది, ఈ చుట్టుపక్కల అలాంటి ఇల్లు మాదొక్కటే కాదు కనుక ఆ సంగతి పెంచను. నా చీటీ ఎప్పటిలాగే దేవుడి పటం వెనక దోపేశాను. కోడలు తన చీటీ బియ్యం డబ్బా కింద పెట్టేసి, "నానూ ఎల్లనత్తా. నువ్వేనాడైనా ఎల్లేవేటి?" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇన్నేళ్ళు నేను వెళ్ళకపోతే అది నా ఒక్కదాని గొడవ అనుకున్నాను గానీ, నన్ను చూసి ముప్ఫై నిండని పిల్ల కూడా ఇంట్లో కూర్చుంటుందని అనుకోలేదు. నాకు ఓటు మీద విసుగూ లేదు, ఎవరి మీదా అలకా లేదు, కారణం వేరే ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ పూట చేపలు తోముతూ ఆమెకు చెప్పిందే ఇప్పుడు ఆమె చేత రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు.

నౌపడ పక్క ఉప్పు మళ్ళలో పనిచేసినవాళ్ళకి చెప్పక్కరలేదు, తెలియనివాళ్ళకి చెబుతున్నాను, అక్కడ సూర్యుడితోనే పని. తెల్లారకముందే మడిలో దిగాలి, కాళ్ళూ చేతులూ పగుళ్ళిచ్చి ఆ పగుళ్ళలో ఉప్పునీరు మండుతుంటే చెక్కపలకతో ఉప్పు ఒడ్డుకి లాగాలి. మా ఇంటాయన ఉప్పు బస్తాతో లారీ మీంచి పడి పోయాక నేనూ మా అత్తా ఆ పనితోనే బతికాం. మా అత్త అప్పటికే మొగుడు పోయిన మనిషి. మా వీధిలో అలాంటివాళ్ళం నలుగురం, కలిసి వెళ్ళి కలిసి వచ్చేవాళ్ళం.

ఆ తరవాత ఒక యేడు పంచాయతీ ఓట్లకి మా అత్తకు బావ వరస అయిన పెద్దమనిషి సర్పంచికి నిలబడ్డాడు. నాకు పెదమావ. మంచివాడే, ఇంటాయన పోయినప్పుడు పాడె మోసినవాడు. ఇంట్లో మనిషి నిలబడ్డాడు కదా, మొదట ఆయనకి గుద్ది ఆ తరవాత మళ్ళలోకి పోదామని నలుగురం చీకటి విడవగానే బడి దగ్గరికి వెళ్ళాం. మాకంటే ముందు ఎవరూ రాలేదు. పెదమావ ఉతికిన పంచె కట్టుకుని, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆయన మొహం మారిపోయింది.

మా వైపు సంగతి మీకు తెలుసు. కొట్టు తెరిచినా, పడవ దింపినా, దుక్కి మొదలెట్టినా మొదటి చెయ్యి ముత్తైదువది కావాలి. ఓటుకి కూడా అలాగే అనుకున్నాడు ఆయన.

"ఓలమ్మ, మీరేటి ఇంత బేగి వచ్చేసినారు? ఇంకా బోణీ అవనేదు. మాపటేల రండే, రిక్షా అంపుతాను, ఒట్టు."

మా అత్త ఊరుకునే మనిషి కాదు. "ఏటి బావా, మాపటేలకి మా ఓటు తీపెక్కుతాదేటి?" అంది.

"కోప్పడకే. నానేటి పరాయోడినా? ఒక్క ముత్తైదువ ఏసేసినాక మీ ఇష్టం."

గొడవ పడలేదు. నలుగురం వెనక్కి తిరిగి మళ్ళలోకి పోయాం. దారిలో మా అత్త ఒకసారి, పాడె మొయ్యడానికి బోణీ అక్కరలేకపోయింది గదే, అంది. మధ్యాహ్నం దాటాక ఆయన ఒట్టు తప్పకుండా నిజంగానే రిక్షా పంపాడు. రిక్షావాడు గట్టు మీద నిలబడి పిలుస్తుంటే మా అత్త మోకాటి లోతు నీళ్ళలోంచి, "బోణీ అయిపోనాదేటి? సంతోషం. మా సేతుల్నిండా ఉప్పుంది, రామని సెప్పు" అని కేకేసింది. ఆమె వెళ్ళలేదు కనుక మేమూ వెళ్ళలేదు.

లెక్క పెడితే పెదమావ మూడు ఓట్లతో ఓడిపోయాడు. మేం నలుగురం.

మర్నాడు కిరాణా కొట్టు దగ్గర ఏమనుకున్నారంటే, పొద్దున్నే మొగుడు పోయినోళ్ళు ఎదురొచ్చారు, అందుకే పోయిందని. వెయ్యని ఓటుకి మా మీద నింద పడింది గానీ, ఆ నాలుగు ఓట్లు పెట్టెలో పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ కూడి చూడలేదు. పెదమావ మాత్రం చూసినట్టున్నాడు. పది రోజులయ్యాక మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు, మంచినీళ్ళడిగి తాగాడు, కండువా విప్పి మళ్ళీ మడత పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఎన్ని ఓట్లు వచ్చాయో. ఎందుకెళ్ళవంటే కాళ్ళ నొప్పులన్నాను, ఉప్పు కరిగిపోతుందన్నాను, ఎవరు గెలిస్తే మనకేమిటన్నాను. చెన్నైలో పనికి పోయి రానివాళ్ళు, పక్కింటికి ముట్టిన డబ్బు మాకు ముట్టలేదని అలిగినవాళ్ళు, ఎవరి కారణం వాళ్ళకి ఉంటుంది. టీవీలో అందరినీ కలిపి బద్ధకస్తులంటారు. ఆ ముద్ర నాకూ సుఖంగానే ఉండేది, గేటు దగ్గర మళ్ళీ ఆ మాట వినడం కంటే.

అంతా విని కోడలు చేప అక్కడే వదిలేసి, "మరి నన్నూ ఎనక్కి ఎల్లమంటే ఏటి సేస్తాం?" అంది. ఇద్దరం వెళ్దాం అన్నాను.

ఓట్ల రోజు ఆరున్నరకే బడి ముందు నిలబడ్డాం. స్టిక్కరు బొట్టు పెట్టుకోనా మాననా అని ఆమె అడిగితే నీ ఇష్టం అన్నాను, పెట్టుకుంది. నా నుదురు ఉత్తదే. గేటు దగ్గర పార్టీలవాళ్ళు చీటీలే చూశారు, మా మొహాలు చూడలేదు. లైన్లో అందరికంటే ముందున్న ఒకామె, తలనిండా పూలు పెట్టుకున్నామె, వెనక్కి తిరిగి, "ముసలమ్మా, నువ్వు ముందెల్లిపో, నిలబడలేవు" అంది. అలా ఆ బూతులో బోణీ నాదే అయింది. ఎవరికీ పట్టలేదు. వెనకాలే కోడలు వేసింది.

వేలి మీద సిరా పాత ఉప్పు పగుళ్ళలోకి దిగి ఇంకా పోలేదు. అప్పట్లో మా ఓటంటే భయపడ్డారు, మా చెయ్యి పడితే ఫలితం మారిపోతుందని నమ్మారు. ఇప్పుడు ఆ భయం పోయింది. మనుషులు మంచివాళ్ళయి పోయిందో, ఓటుకి అంత బలముందన్న నమ్మకమే పోయిందో నాకు తెలియదు. మా అత్త ఉండి ఉంటే చెప్పేది. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఆ రోజు నుంచీ ఆవిడ వేలికి సిరా అంటలేదు, ఉప్పు మాత్రమే అంటింది.