మొగిలి ముక్కుకు సీరం

గోదావరిఖనిలో ఉండే మొగిలికి డాక్టర్లంటే పడదు. ముప్పై ఏళ్లు ఓపెన్‌కాస్టు గనిలో ఎండకు మాడుతూ డంపర్ నడిపి రిటైరైన మనిషి. ఒంట్లో ఏ తేడా వచ్చినా మందు తనే కనిపెట్టుకుంటాడు. మోకాలి నొప్పికి ఒకసారి బండి గ్రీజు రాసుకున్నాడు. తగ్గిందనే ఇప్పటికీ చెబుతాడు, కుంటుతూ.

కిందటేడు ఆయన ముక్కు పక్కన శనగగింజంత నల్లటి పొక్కు లేచింది. తువ్వాల తగిలితే నెత్తురు వచ్చేది, పక్కు కట్టేది, మళ్లీ రేగేది. ఆరు నెలలైనా మానలేదు. ఫోనులో వెతికితే చర్మ క్యాన్సర్ అన్న మాట కనబడింది. భయపడి ఇంకా వెతికితే, విటమిన్ సి పైన రాస్తే తగ్గవచ్చని ఎవరో చెబుతున్న వీడియో దొరికింది. ఆ 'వచ్చు' మొగిలి చెవికెక్కలేదు.

విటమిన్ సి ఇంట్లోనే ఉంది. కోడలు దీప మొహానికి రాసుకునే సీరం. రోజూ ఆమె స్నానానికి వెళ్లగానే నాలుగు చుక్కలు ముక్కుకు పెట్టుకునేవాడు. మంటకు కళ్లలో నీళ్లు తిరిగితే మందు పని చేస్తోందని సంబరపడేవాడు.

మూడు వారాలకే సీసా అడుగంటింది. దీప అనుమానం అత్త రాజకుమారి మీదికి పోయింది.

"అత్తమ్మా, కావాలంటే నీకొకటి తెప్పిస్త. అడగరాదు?"

"నాకెందుకే గవి? రాసుకోకనే గిట్లున్న!" అంటూ రాజకుమారి చెంప తడుముకుంది. కోపం కంటే గర్వమే ఎక్కువ కనబడింది.

మర్నాడు సీసాతో సహా మొగిలే దొరికిపోయాడు.

"మామా! ఈ వయసుల నీకు మెరుపెందుకు?"

"మెరుపు కోసం కాదు బిడ్డా. క్యాన్సరేమోనని భయమైతున్నది."

నవ్వబోయిన దీప ఆగిపోయింది. ఆ రోజే ఆయన్ని మంచిర్యాలలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె పొక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారానికి రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, కాకపోతే నెమ్మదిగా పెరిగే రకం.

"విటమిన్ సి తోని పోదా మేడం?" అన్నాడు మొగిలి.

"కొద్దిమంది మీద పరీక్షలు చేసిండ్రు. కొందరికి తగ్గింది కూడా. కానీ నమ్మి ఇచ్చేంత ఇంకా తేలలే. నువ్వు రాసింది మొహానికి మెరుపొచ్చేది. దీన్ని కోసి తీసేద్దాం."

"ఎంత కోస్తరు?"

"ముక్కు ఉంటది. ఫికర్ చెయ్యకు."

ఐదు కుట్లు పడ్డాయి. లోపల ఏమీ మిగల్లేదని తేలిన రోజు రాజకుమారి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అయిపాయె గదనే," అని కసురుతూ మొగిలి కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఛాయ్ హోటల్లో కూర్చుని పింఛనుదార్ల మొహాలన్నీ తనిఖీ చేస్తున్నాడు. పుట్టుమచ్చేనని మొత్తుకుంటున్నా వినకుండా వాళ్లలో ఒకడైన సంపత్‌ను మంచిర్యాల బస్సెక్కించాడు. డాక్టరమ్మ కూడా పుట్టుమచ్చే అంది.

"మంచిదే గదా!" అన్నాడు మొగిలి, ఏ మాత్రం తగ్గకుండా.