ప్రార్థన మధ్యలో ఆమీన్

వెన్నుపూసకు ఆపరేషన్ అయ్యాక, నాకు వ్యాయామాలు చేయించడానికి నరసరావుపేటలోని మా ఇంటికి ఒక ముస్లిం అమ్మాయి వచ్చేది. మళ్లీ మా చర్చికి నడిచి వెళ్లాలని ఎంత ఆశ ఉన్నా, లేచి నిలబడమంటే నాకు భయం. అందుకే మంచం అంచున కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన సాగదీసేదాన్ని. నేను ఊపిరి తీసుకునే సందు చూసి తనే “ఆమీన్” అనేసేది.

“దేవుడు విన్నాడు. ఇంక లెగత్తా!”

“సంఘం కోసం ఇంకా చేయాల గదే!”

“నిలబడి చేస్తే వినడా ఏంది?”

ఒకరోజు ఆమె భుజాలు పట్టుకుని లేచాను. సంతోషం పట్టలేక అక్కడే స్తుతి మొదలుపెట్టాను. సంఘంలోని రోగులూ, వితంతువులూ, పిల్లలూ అందరి కోసం ప్రార్థించడం అయింది. ఆ రోజు ఆమె అడ్డురాలేదు. కళ్లు తెరిస్తే, నన్ను తాకకుండా చేతులు చాపి ఎదురుగా నిలబడి ఉంది.

“నన్నెప్పుడు వదిలావే?”

“నువ్వే వదిలావత్తా, చేతులు జోడించేటప్పుడు.”